రంగు పనికి న్యాయమైన కూలి ఎంత?

షాబాన్ నెల సగం దాటిందంటే మణుగూరు వీధుల్లో సున్నం బకెట్లు, రంగు డబ్బాలు బయటపడతాయి. దసరాకు ముందు కూడా ఇదే సందడి. సింగరేణి కార్మికుల చేతికి లాభాల వాటా అందే రోజులవి. గోడలకు వెల్ల వేయించాలి, గేటుకు రంగు కొట్టించాలి, టేకు తలుపులకు పాత పాలిష్ తీయించి కొత్తది పట్టించాలి. ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం మంచి అలవాటే. అయితే ఈ రోజుల్లోనే ప్రతి వీధిలో ఒక తగవు కూడా వినబడుతుంది. పని మొదలు కాకముందు “నీకు తెలియనిదేముంది భాయ్, చూసి తీసుకో” అన్నవారు, పని పూర్తయ్యాక “ఇంత అవుతుందని ముందే ఎందుకు చెప్పలేదు” అంటారు. “మీకు తోచింది ఇవ్వండి” అన్న పనివాడు, ఇచ్చింది లెక్కపెట్టుకుని ముఖం మాడ్చుకుని వెళతాడు. ఇద్దరూ మస్జిద్‌లో ఒకే వరుసలో నిలబడతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. మన యువకుల్లో చాలామందికి ఈ పనే జీవనాధారం. ఉర్దూలో బట్టలకు అద్దకం వేసేవాణ్ని రంగ్‌రేజ్ అంటారు, కొయ్యకూ గోడకూ రంగు వేసేవాణ్ని రంగ్‌సాజ్ అంటారు. రెండూ గౌరవప్రదమైన వృత్తులే. మన ధర్మశాస్త్ర గ్రంథాలు అద్దకందారుని గురించీ, చాకలిని గురించీ, దర్జీని గురించీ పేజీలకు పేజీలు చర్చించాయి. ఆ చర్చను మదరసాలో చదివి వచ్చిన మనం, మన గుమ్మం ముందు నిచ్చెన ఎక్కిన మనిషితో బేరం దగ్గర మాత్రం దాన్ని మరచిపోతున్నాం.

మొదట పని సంగతి చూద్దాం. పని తెలియనిదే ధర తెలియదు.

మణుగూరు మామూలు ఊరు కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము మన తలుపుల మీద పేరుకుంటుంది. వానాకాలంలో గోదావరి మీది తేమ తోడవుతుంది. ఇక్కడి తలుపుకు పాలిష్ పట్టించడం, దుమ్ము లేని ఊళ్లో పట్టించడం ఒకటి కావు. ముందు బొగ్గు మసిని తడిగుడ్డతో, సబ్బునీటితో కడగాలి. కడగకుండా గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ మసి కొయ్య ఈనెల్లోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన వార్నిష్ వేసినా తలుపు మురికిగానే కనబడుతుంది. కడిగిన కొయ్య పూర్తిగా ఆరాలి. తర్వాత పాత పొర తీయాలి, పగుళ్లలో లప్పం నింపాలి, ముతక కాగితంతో ఒకసారి, సన్నకాగితంతో మరోసారి రుద్దాలి. ఆ తర్వాతే రంగు, దాని మీద వార్నిష్ ఒక పొర, అది ఆరాక తేలికగా రుద్ది రెండో పొర. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక పొర ఆరడం ఆలస్యమవుతుంది. లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే పాలిష్ అయితే ముసురు రోజుల్లో తెల్లబారుతుంది. మన అడవుల్లోని మోదుగ వంటి చెట్ల మీద బతికే పురుగు ఇచ్చేదే ఆ లక్క. లక్క మన ప్రాంతపు సరుకే అయినా, మన వానకు అది తట్టుకోదు.

ఇంటి యజమాని కంటికి కనబడేది చివరి పొర మాత్రమే. పనివాడి శ్రమలో ఎక్కువ భాగం దాని కిందనే దాగి ఉంటుంది. తక్కువ ధరకు ఒప్పుకున్నవాడు ఎక్కడ తగ్గిస్తాడు? కనబడని చోటే తగ్గిస్తాడు. కడగడం మానేస్తాడు, రెండుసార్లు రుద్దాల్సింది ఒక్కసారి రుద్దుతాడు, వార్నిష్‌లో టర్పెంటైన్ ఎక్కువ కలుపుతాడు, రెండో పొర ఎగరగొడతాడు. పండుగనాడు తలుపు మెరుస్తుంది. మరుసటి ఎండాకాలానికి పొట్టు లేస్తుంది. అప్పుడు మనం ఆ పనివాణ్ని దొంగ అంటాం. అతను చేసింది మోసమే, అందులో సందేహం లేదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా కొలతల్లో తూకాల్లో తగ్గించేవారి గురించే అవతరించింది. రంగు పొర కూడా ఒక కొలతే. కానీ ఆ సూరా తగ్గించి ఇచ్చేవాడితో పాటు, తనకు రావలసినది మాత్రం నిండుగా కొలిపించుకునేవాణ్ని కూడా పట్టుకుంటుంది. రెండు పొరల పని కావాలి, ఒక పొర కూలి ఇస్తాననే యజమాని తాను ఏ వైపు ఉన్నాడో చూసుకోవాలి.

ఇక కొలత. ఇక్కడే మన కుర్రవాళ్లు తెలియక నష్టపోతున్నారు. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న తలుపు ఒక వైపు 24.5 చదరపు అడుగులు, రెండు వైపులా 49. చాలామంది ఈ 49కే ధర చెబుతారు. కానీ పలకల తలుపుకు లోతులు, అంచులు, మూలలు ఉంటాయి, చుట్టూ ద్వారబంధం ఉంటుంది. ప్రభుత్వ ఇంజనీర్లు అనుసరించే కొలత పద్ధతిలో పలకల తలుపు ఒక్కో వైపు విస్తీర్ణాన్ని 1.3తో హెచ్చిస్తారు. పూర్తిగా అద్దాల తలుపైతే 0.8తోనే, పలుచని అడ్డపట్టీల కిటికీ తలుపైతే 1.8తో హెచ్చిస్తారు. ఆ లెక్కన మన తలుపు 49 కాదు, దాదాపు 64 చదరపు అడుగులు. సర్కారు పనికి ఒప్పుకున్న ఈ లెక్క మన ఇంటి పనికి ఎందుకు చెల్లదు?

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇవి లెక్క చూపడానికి మేము వేసుకున్న అంకెలే గాని మణుగూరు రేట్లు కావు. ఆ తలుపుకు ఒక మనిషికి మూడు రోజుల పని, రోజుకు 800 చొప్పున 2,400 రూపాయలు. సామాను 900. బ్రష్షుల అరుగుదల, రాకపోకలు 150. మొత్తం 3,450. ఎక్కడైనా మరక తేలితే తిరిగి వచ్చి సరిచేయడానికి, డబ్బు ఆలస్యమైతే తట్టుకోవడానికి పదోవంతు కలిపితే 3,795. దీన్ని 64తో భాగిస్తే చదరపు అడుగుకు సుమారు 59 రూపాయలు. ఇప్పుడు అదే 59 రూపాయలను 49 అడుగులకే లెక్కగట్టినవాడికి వచ్చేది 2,891. తేడా 904 రూపాయలు. అంటే ఒక రోజు కూలి కన్నా ఎక్కువే పోయింది, పోయినట్టు అతనికి తెలియను కూడా తెలియదు. పని బాగా చేశాను, చేతిలో ఏమీ మిగలలేదు, బర్కత్ లేదు అనుకుంటాడు. బర్కత్ మాట తర్వాత, ముందు లెక్క తప్పింది.

రోజు కూలి విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతోంది. “ఒక్క రోజుకు అంతా?” అని అడిగేవారు, ఆ మనిషికి ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుందో అడగరు. ముసురు పట్టిన వారాల్లో బయటి గోడ ముట్టుకోలేడు. పండుగ తర్వాత నెల ఖాళీ. ఏడాదిలో 220 రోజులు, రోజుకు 700 రూపాయల పని దొరికిందనుకుందాం. మొత్తం 1,54,000. తినేది మాత్రం 365 రోజులు. అంటే రోజుకు 422 రూపాయలు. అందులోనే పిల్లల ఫీజు, ఇంటి కిరాయి, నిచ్చెన మీద నుంచి పడితే ఆసుపత్రి.

మన ఊరి సంగతి కాబట్టి ఒక మాట మొహమాటం లేకుండా చెప్పక తప్పదు. బొగ్గు గని కార్మికుని వేతనం జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ద్వారా నిర్ణయమవుతుంది. పదకొండవ ఒప్పందం మీద 2023 మే నెలలో సంతకాలయ్యాయి, 2021 జూలై నుంచి లెక్కగట్టి అమలు చేశారు. సంఘాల నాయకులు నెలల తరబడి కూర్చుని ప్రతి అలవెన్సూ కాగితం మీద రాయించుకున్నారు. అది వారి హక్కు, వారి త్యాగాల ఫలితం. అలా పొందిన జీతంతో ఇల్లు కట్టుకున్న సోదరుడు, తన ఇంటికి రంగు వేసేవాడితో కాగితం అవసరం లేదనీ, పాత రేటుకే చేయమనీ అనడం ఏ విధంగా సబబు? సున్నం ధర పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది, తన జీతం పెరిగింది. పెరగకూడనిది పనివాడి కూలి ఒక్కటేనా?

ధర్మశాస్త్రం ఏమంటుందో ఇప్పుడు చూద్దాం. కూలి పనిని ఇజారా అంటారు. ఇజారా సరిగా కుదరాలంటే పనీ తెలిసి ఉండాలి, కూలీ తెలిసి ఉండాలి. “తోచింది ఇవ్వండి” అన్న ఒప్పందం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఫాసిద్, అంటే లోపభూయిష్టమైనది. అప్పుడు పనివాడికి దక్కేది అజ్రె మిస్ల్, అంటే అదే ఊళ్లో అలాంటి పనికి అలాంటి పనివాడు తీసుకునే వాడుక కూలి. యజమానికి తోచింది కాదు. ఈ ఒక్క మసలా మన ఇళ్లలో తెలిసి ఉంటే సగం తగవులు ఉండవు. చెమట ఆరకముందే కూలి ఇవ్వడం గురించిన దైవప్రవక్త (స) ఆదేశాన్ని మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు వింటాం. ఎంత ఇవ్వాలో ముందే తెలియకపోతే, చెమట ఆరకముందు ఇచ్చేది ఎలా?

హజ్రత్ మూసా (అ) మద్‌యన్‌లో పనికి కుదిరినప్పుడు ఎనిమిదేళ్లని గడువు ముందే చెప్పారు, పదేళ్లు పూర్తి చేయడం ఆయన ఇష్టానికి వదిలారు. ఒక ప్రవక్త కొలువుకే గడువూ ప్రతిఫలమూ ముందు తేలాయి. ఆయన కథలోనే ఇంకొకటి ఉంది. అన్నం పెట్టడానికి ఒప్పుకోని ఊళ్లో, కూలబోతున్న గోడను హజ్రత్ ఖిజ్ర్ (అ) నిలబెట్టారు. దీనికి కూలి తీసుకుని ఉండవచ్చు గదా అన్నది మూసా (అ) గారే. గోడ పనికి కూలి అడగడం చిన్నతనం కాదని అక్కడే తేలిపోయింది. ఖిజ్ర్ (అ) ఉచితంగా చేశారు నిజమే. అది ఆయన తనంతట తాను అనాథల కోసం చేసింది. ఆ ఊరివారు ఆయన చేత చేయించుకున్నది కాదు.

ఈ తేడాను మన మస్జిద్ కమిటీలు గమనించాలి. అల్లాహ్ ఇంటికి రంగు వేయడం సవాబ్ అని చెప్పి పేద రంగ్‌సాజ్ చేత సగం కూలికి పని చేయిస్తున్నారు. సవాబ్ కోరుకునేవాడు తన ఇష్టంతో తగ్గించుకోవచ్చు, ఉచితంగానూ చేయవచ్చు. కానీ అందరి ముందూ నిలబెట్టి “మస్జిద్ పనికి కూడా లెక్కా?” అని అడిగితే కాదనే ధైర్యం ఏ పేదవాడికి ఉంటుంది? చందా ఇచ్చే వ్యాపారి తన సంపాదనలోంచి ఇస్తాడు, పనివాడు తన పిల్లల రొట్టెలోంచి ఇస్తాడు. పూర్తి కూలి అతని చేతిలో పెట్టి, ఆ తర్వాత చందా పెట్టె చూపించండి. వేయాలనుకుంటే అతనే వేస్తాడు.

హనఫీ గ్రంథం హిదాయా చదివినవారికి అద్దకందారుని మసలా గుర్తుండే ఉంటుంది. చేసిన పని వస్తువులో నిలిచిపోయే పనివాడు, అంటే అద్దకందారు వంటివాడు, కూలి ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గర ఆపుకోవచ్చు. మూటలు మోసేవాడికి, పడవవాడికి ఆ హక్కు లేదు. ఎందుకంటే వారి పని వస్తువులో మిగలదు. మన రంగ్‌సాజ్ పని వస్తువులో నిలిచేదే. కానీ అతను ఆపుకోవడానికి చేతిలో ఏముంది? తలుపు యజమాని ఇంటికే బిగించి ఉంది, గోడ యజమాని గోడే. పని జరిగినకొద్దీ యజమాని స్వాధీనమైపోతూనే ఉంటుంది. కనుక బట్టకు రంగు వేసేవాడికి ఉన్న ధీమా గోడకు రంగు వేసేవాడికి లేదు. ఆ లోటు తీరాలంటే ముందు కొంత బయానా, సగం పనికి కొంత, ముగిశాక మిగతాది అని విడతలు పెట్టుకోవడమే మార్గం. ముందస్తు చెల్లింపు షరతు పెట్టుకోవడానికి షరీయత్‌లో ఏ అభ్యంతరమూ లేదు. బయానా తీసుకుని మరో ఇంటి పనికి వెళ్లిపోయి, ఫోను ఎత్తని మేస్త్రీలు కూడా మనలో ఉన్నారు. వారికీ ఈ మాట వర్తిస్తుంది.

ఇంకో మసలా మరీ ముఖ్యం. యజమాని “నేను ఎరుపు అన్నాను” అంటాడు, అద్దకందారు “మీరు పసుపు అన్నారు” అంటాడు. సాక్ష్యం లేనప్పుడు ప్రమాణంతో యజమాని మాటే చెల్లుతుందన్నారు. యజమాని “ఉచితంగా చేస్తానన్నావు” అని, పనివాడు “కూలికే చేశాను” అని వాదిస్తే, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ప్రకారం అక్కడా యజమాని మాటే నిలుస్తుంది. ఆ పని కూలికి చేసేవాడిగా ఊళ్లో పేరున్నవాడైతే పనివాడి మాటే తీసుకోవాలని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. దీన్నిబట్టి మేము చెప్పేదేమంటే, రాతచీటీ లేకపోతే ఎక్కువ నష్టపోయేది పనివాడే. కాగితం అడిగితే నమ్మకం లేనట్టు అవుతుందని మన కుర్రవాళ్లు సిగ్గుపడుతున్నారు. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు అప్పుల లావాదేవీలను రాసుకోవడం గురించినదే. దానికన్నా సిగ్గుపడవలసింది ఏముంది?

చీటీలో పెద్ద చదువు అక్కరలేదు. ఏ ఏ తలుపులు, ఎన్ని పొరలు, ఏ కంపెనీ సామాను, సామాను ఎవరిది, పాత పొర తీయాలా వద్దా, ఎన్ని రోజులు, మొత్తం ఎంత, ఏ విడతలో ఎంత. రంగు నంబరు కార్డులో చూసి రాయాలి, లేదా తలుపు వెనక జానెడు మేర వేసి చూపించి ఒప్పించుకోవాలి. చెదలు పట్టిన చోటు, పగిలిన చోటు యజమాని దాచకూడదు. మధ్యలో “ఆ కిటికీ కూడా లాగించెయ్” అంటే దాని ధర వేరే రాయాలి. చాయ్ పోయించడం మర్యాదే గాని కిటికీ కూలి కాదు.

అయితే ఊరంతటికీ ఒకే రేటు పెట్టి, అంతకు తక్కువ చేసినవాణ్ని వెలివేద్దామా? కొందరు మేస్త్రీల ఆలోచన ఇలాగే ఉంది. మేము దీనికి వెంటనే ఔననలేము. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ప్రజలు వచ్చి ధరలు నిర్ణయించమని కోరితే, ఎవరి మీదా జులుమ్ చేసిన భారంతో ప్రభువును కలవడం ఇష్టం లేక దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. ధాన్యం వ్యాపారులు మరీ హద్దు మీరి, వేరే దారి లేనప్పుడు అనుభవజ్ఞుల సలహాతో ధర కట్టవచ్చని తర్వాతి ఫకీహులు అన్నారు. మన సమస్య ధర ఎక్కువైందని కాదు, ధర తెలియడం లేదని. కనుక రేటును రుద్దడం కన్నా లెక్క వేసే పద్ధతిని అందరికీ తెలియజేయడం మేలు. నైపుణ్యం ఉన్నవాడు ఎక్కువ అడుగుతాడు, నేర్చుకునేవాడు తక్కువ అడుగుతాడు. అందులో తప్పు లేదు. కాని కనీస వేతనం కన్నా దిగడానికి ఎవరికీ వీలు లేదు. 1948లోనే దీనికి చట్టం వచ్చింది, 2019లో పార్లమెంటు దాన్ని వేతనాల కోడ్‌లో చేర్చింది. గోడలు కడిగి, నేల తుడిచి, పాత సున్నం గీకే స్త్రీలకు మగవారిలో సగం ఇవ్వడం మన ఊళ్లో మామూలైపోయింది. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం చేశారు. పని మనిషి కోయ సోదరి అయినా, మన వీధి బేవా అయినా లెక్క ఒకటే.

ఆపద సమయంలో అడిగే ధర గురించి కూడా ఒక మాట. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది, 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. ఒండ్రు నిండిన ఇళ్లు, ఉబ్బి మూసుకోని తలుపులు. అలాంటప్పుడు పని కష్టమైతే కష్టానికి తగినట్టు ఎక్కువ అడగవచ్చు. ఎదుటివాడికి గతి లేదని ఎక్కువ అడగకూడదు. పండుగ ముందు పనివాడికి డబ్బు అవసరమని తెలిసి తగ్గించి బేరమాడే యజమానికీ ఇదే వర్తిస్తుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టుబట్టల వ్యాపారి. ఒక స్త్రీ పట్టువస్త్రం అమ్మజూపి నూరు అడిగితే, దాని విలువ అంతకన్నా ఎక్కువని చెప్పి, ఆమె అడగని ధర ఇచ్చి కొన్నారని పెద్దలు చెబుతారు. మనల్ని అంత చేయమని ఎవరూ అడగడం లేదు. ఎదుటివాడి లెక్క తప్పి 49 అడుగులే వేసినప్పుడు, 64 అని చెబితే చాలు.

పాత రంగు గీకే పనికి ధర వేరేగా రాయాలని కూడా మా సూచన. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు? ఆ పొడి పీల్చే పనివాడికి, దానిలో ఆడుకునే పసిపిల్లలకు ప్రమాదం. తడిపి గీకడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పొడిని ఊడ్చి పారేయడం ఇవన్నీ సమయం తీసుకునే పనులు. సమయానికి కూలి ఉంటుంది. రంగు పనివారు భవన నిర్మాణ కార్మికుల కిందికే వస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవారు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. 1996లో వచ్చిన ఈ ఏర్పాటు గురించి మన వీధుల్లో ఎంతమందికి తెలుసో అనుమానమే. దరఖాస్తు నింపడం రాని కుర్రవాళ్లకు ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మా వంటి ఉపాధ్యాయులు ఒక సాయంత్రం కేటాయించవచ్చు.

ఈ షాబాన్‌లో మణుగూరు మస్జిద్ కమిటీలు తలుపు కొలత లెక్కనూ, రాతచీటీ నమూనానూ తెలుగులో, ఉర్దూలో రాయించి వుజూ చేసే చోట గోడకు అంటించాలని కోరుతున్నాం. అయితే కాగితం అంటించే ముందు కమిటీవారు తమ లెక్కల పుస్తకం ఒకసారి తెరవాలి. పోయిన రంజాన్‌కు మినార్‌కు రంగు వేసినవారికి బాకీ ఏదైనా మిగిలి ఉంటే, ముందు అది చెల్లించి, ఆ తర్వాత అంటించండి.